గాజు సాక్షి

"ఎలా పగిలాయని అడుగుతున్నాను. పగిలాయని నాకూ తెలుసు."

పొద్దున్నించి సూపర్వైజరు ఈ మాట అడగడం ఇది మూడోసారి. వంటింటి గుమ్మంలో నిలబడి తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటాడు, మళ్ళీ విప్పుకుంటాడు. డ్యూటీకి రావొద్దని నిన్న సాయంత్రం ఫోను అందుకున్న మనిషికి ఇస్త్రీ చొక్కా దేనికని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

కోడలు పొయ్యి ముందు నుంచి కదల్లేదు. మొగుడి వైపు తిరిగితే మొహం పట్టిస్తుందని ఆమె భయం.

"చెప్పానుగా. మొన్న సాయంత్రం వెళ్ళాను. చూశాను. నాలుగూ పగిలి ఉన్నాయి. ఆఫీసులో ఆ మాటే చెప్పాను."

"సన్నగా ఒక్క గీతలాగా చీలాయా? దెబ్బ తగిలినట్టు సాలెగూడులా విచ్చుకున్నాయా?"

"చీకటి పడుతోందండీ. అంతగా చూడలేదు."

ఆ మాట నోట్లోంచి రాగానే పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. అత్తగారు హడావుడిగా వచ్చి కొంగుతోనే గిన్నె దించింది.

"అన్నీ నా మీదికే పొంగుతాయి. ఊళ్ళో ఇన్ని ఇళ్ళున్నాయి. ఎవరింట్లోనైనా ఇలాంటి వింత ఉందా? కొండ మీద కరెంటు టవర్లకి మందు పెట్టి రాయి పేల్చేది కొడుకు. ఆ పేలుళ్ళకి బురుజు అదురుతోందో లేదో చూసేది కోడలు. మధ్యలో నేను, ఫ్యూజు ముక్కలాగా. ఎవరు వేడెక్కినా మాడేది నేనే."

మామూలు రోజుల్లో అయితే ఈ మాటకి మామగారు పకపకా నవ్వేవాడు. ఈ రెండు రోజులూ ఆయన నోరు విప్పలేదు. బల్ల దగ్గర కూర్చుని, ముందున్న టీ గ్లాసు వైపు చూస్తున్నాడు. టీ చల్లారి మీగడ కట్టింది.

వంటింటి కిటికీలోంచి కొండ కనబడుతుంది. కొండ నెత్తిన బురుజు. ఎన్ని తరాల కిందటిదో లెక్క తెలిసినవాళ్ళు లేరు. పూర్వం కాపలావాళ్ళు పైగదిలో మంట వేసి, ఏదో ముంచుకొస్తోందని ఊరికి తెలియజేసేవారట. అందుకే దాన్ని ఇప్పటికీ మంటగది అంటారు. ఈ ఊళ్ళో దారి చెప్పాలన్నా, వాన చెప్పాలన్నా, పారిపోయిన దూడ ఎటు పోయిందో చెప్పాలన్నా ముందు బురుజు పేరు ఎత్తాల్సిందే.

హైటెన్షన్ లైను సరిగ్గా దాని పక్కనుంచే పోవాలని పైవాళ్ళు గీత గీశారు. ఊరు గోల పెట్టింది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. మందు కొంచెం కొంచెంగానే పెట్టాలి. బురుజు గోడల్లో పాత బీటలు నాలుగున్నాయి. ఒక్కో బీటకి అడ్డంగా వేలెడంత గాజు పలక సున్నంతో అతికించాలి. గోడ వెంట్రుకవాసి కదిలినా ఆ పలక బీట వెంబడి సన్నగా చీలిపోతుంది. చీలితే పని ఆపాలి, లైను కొండ చుట్టూ తిరిగి పోవాలి. పాత కట్టడాల ఆఫీసులో ఆ గాజు పలకల్ని సాక్షులంటారు. వాటిని అతికించింది అక్కడ పనిచేసే కోడలు. రోజూ సాయంత్రం వెళ్ళి చూసేదీ ఆమే.

మొన్న అవి పగిలాయి. పని ఆగింది. ఒప్పుకున్నదాని కంటే ఎక్కువ మందు పెట్టాడని నింద సూపర్వైజరు నెత్తిన పడింది.

"నేను చిటికెడు ఎక్కువ పెట్టలేదు," అన్నాడతను, ఎవరూ అడక్కుండానే. "కొండ మీద రాయి ఎగిరితే మన ఇంటి కప్పు మీదే పడుతుంది. నాకు తెలీదా?"

"నీమీద ఎవరికి అనుమానంరా?" అంది తల్లి.

"అందరికీ. ఈ ఇంట్లో కూడా."

ఎవరూ కాదనలేదు. కోడలికి కాదనాలని నోటిదాకా వచ్చింది. కాదంటే ఆ వెంటనే ఇంకో మాట చెప్పాల్సి వస్తుంది. మొదటి మలుపు దగ్గరి పలకా, కిటికీ కిందదీ, రెండో మలుపు దగ్గరదీ సాలెగూడులా విచ్చుకుని ఉండటం ఆమె కళ్ళారా చూసింది. గోడ కదిలితే గాజు అలా పగలదు. ఎవరో పొడిచారు. బురుజు తాళంచెవి ఉండేది ఈ వంటింటి మేకుకే. మేకు అందేది ఈ ఇంట్లోవాళ్ళకే.

ఎవరో ఆమెకి తెలుసు. తెలిసీ ఊరుకుంది. పని ఆగితే బురుజు బతుకుతుందని ఊరుకుంది. ఆ నింద తిరిగి తిరిగి తన మొగుడి మెడకే చుట్టుకుంటుందని ఆ సాయంత్రం ఆమెకి తట్టలేదు. తట్టేసరికి ఆఫీసులో చెప్పేసింది.

వీధిలో జీపు ఆగిన చప్పుడయింది.

నలుగురూ గుమ్మం వైపు తిరిగారు. 

*

లైను తనిఖీ ఇంజనీరు గుమ్మం బయట చెప్పులు విడిచి, కాళ్ళు తుడుచుకుని, మంచినీళ్ళిస్తే రెండు చేతులతో అందుకున్నాడు. అంత మర్యాద చూసి అత్తగారికి భయం పట్టుకుంది. కేకలేసేవాడైతే తనూ నాలుగు కేకలేసేది. మర్యాదస్తుడితో ఏం పోట్లాడుతుంది?

"మీ అబ్బాయి తప్పేం లేదమ్మా," అన్నాడాయన కూర్చుంటూనే. "మందు లెక్కంతా చూశాం. ఒప్పుకున్నంతే వాడాడు. రేపట్నుంచి డ్యూటీకి రావొచ్చు."

"అదీ మాట!" అత్తగారు చేతులు జోడించింది. "నేను చెప్పలా? నా కొడుకు కొలత తప్పడు. ఉప్పు కూడా కొలిచి వేసుకునే రకం."

కోడలికి ఊపిరి తేలికపడింది. గండం గట్టెక్కిందనుకుంది. మామగారి వైపు చూసింది. ఆయనా ఆమె వైపే చూస్తున్నాడు. రెండు రోజుల్లో ఇద్దరి చూపులూ కలవడం అదే మొదలు.

ఇంజనీరు గ్లాసు కింద పెట్టాడు.

"అంత చిన్న మందుకే నాలుగు సాక్షులూ ఒక్కసారి పగిలాయంటే ఇక తప్పు మందుది కాదు. బురుజుది. లోపల పుచ్చిపోయింది. అలాంటిదాన్ని ఊరి నెత్తిన ఉంచుకోవడం ప్రమాదం. పాత కట్టడాల ఆఫీసు కూడా ఇవాళ సరేనంది, ఎల్లుండి దించేస్తాం."

"దించడమంటే?" అన్నాడు మామగారు. ఆ రెండు రోజుల్లో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

"పడగొట్టడమండీ. అది లేకపోతే లైనుకీ అడ్డం ఉండదు. ఒకందుకు మంచిదే అయింది."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. 

సూపర్వైజరు గుమ్మం దగ్గర నుంచి ముందుకొచ్చాడు. తను గట్టెక్కినందుకు సంతోషం అతని మొహంలో ఏమీ లేదు.

"సార్, గాజు ఎలా పగిలిందో మీరు లోపలికెళ్ళి చూశారా?"

"పుచ్చిపోయిన కట్టడంలోకి తల దూర్చేంత తెలివితక్కువవాణ్ణి కాదు. తలుపు సందులోంచి లైటు వేసి చూశాను. మొదటి పలక పగిలి ఉంది. మిగతావి మీ ఆవిడ చూశారుగా." ఆయన కోడలి వైపు తిరిగాడు. "నాలుగూ మీరు దగ్గరికెళ్ళి చూశారు కదమ్మా?"

కోడలు ఆయన కింద పెట్టిన గ్లాసు అందుకుంది.

చెబితే మామగారి చేతులకి సంకెళ్ళు. పాత కట్టడం మీద చెయ్యి వేస్తే ఎంత శిక్షో ఆమె ఆఫీసు గోడ మీదే రాసి ఉంది. చెప్పకపోతే బురుజు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ క్షణంలో ఆమెకి నుయ్యి కంటే గొయ్యే కాస్త దూరంగా కనిపించింది. ఎల్లుండి వరకూ టైముంది కదా, ఈలోగా ఏదో ఒకటి చెయ్యొచ్చు అనుకుంది.

"చూశాను సార్," అంది.

"అంతే చాలు." ఆయన లేచాడు. "ఎలాగూ పోయే బురుజు కోసం ఇక టవరు గుంటల్లో చిన్న చిన్న మందులు పెట్టి రోజులు దండగ చేసుకోవడం అనవసరం. ఇవాళ మధ్యాహ్నం పెద్ద మందే పెట్టమన్నాను. పక్క సెక్షన్ సూపర్వైజరు చూసుకుంటాడు. కొండ చుట్టూ తాడు కట్టించాం. మీరెవరూ అటు వెళ్ళకండి. కిటికీలు తెరిచి ఉంచుకోండి, లేకపోతే అద్దాలు పగులుతాయి."

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, మంచినీళ్ళు బాగున్నాయన్నాడు.

జీపు పోయింది. అత్తగారు ఒక్కొక్క కిటికీ తెరుచుకుంటూ పోయింది. సూపర్వైజరు పెళ్ళానికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఇందాక నాతో సరిగ్గా చూడలేదన్నావు."

ఆమె తల వంచుకుంది.

"ఆయనతో దగ్గరికెళ్ళి చూశానన్నావు. రెండిట్లో ఒకటే కదా నిజం?"

"ఇప్పుడేం చెయ్యమంటారు నన్ను?"

"నేను చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి ఆ మంటగదిలోనే దాక్కునేవాణ్ణి," అన్నాడతను, సంబంధం లేనట్టు. "మా నాన్న అక్కడికే వచ్చి చెవి పట్టుకుని దించేవాడు. లైను పని నాకు జీతం ఇస్తుంది కాబట్టి చేస్తున్నాను. అంతమాత్రాన అది కూలితే చూడాలని నాకేం సరదా లేదు. నువ్వెప్పుడూ అడగలేదు."

ఆమె తలెత్తేసరికి అతను ఎదురుగా లేడు. వంటింట్లో తల్లితో ఏదో అంటున్నాడు. కాసేపటికి మోటారుసైకిల్ చప్పుడయింది. ఆఫీసుకి పోయి పోట్లాడతాడు కాబోలు అనుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషిని తను లైనువాళ్ళ లెక్కలోనే వేసిందని, ఆ లెక్క తప్పని ఆమెకి అప్పుడు తెలిసింది. 

*

పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన మామగారు పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో పాత తాపీ. దాన్ని కడుగుతున్నాడు. అది శుభ్రంగానే ఉంది. అయినా కడుగుతున్నాడు.

మేస్త్రీగా ముప్ఫై ఏళ్ళు గోడలు కట్టిన చేతులవి. కుర్రతనంలో వాళ్ళ నాన్నతో కలిసి బురుజు మెట్లకి మరమ్మతు చేశానని ఆయన చెప్పని వారం లేదు.

కోడలు ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"మామయ్యా."

"నేనేనమ్మా," అన్నాడాయన. అడక్కముందే. "ఈ పిడితోనే. ఒక్కొక్కదానికి ఒక్క పోటు. గాజు కదా, పాపం, గట్టిగా అరవను కూడా లేదు."

"తెలుసు."

తాపీ నీళ్ళల్లో పడింది. "తెలుసా?"

"మొన్ననే తెలుసు. చూడగానే తెలిసింది. ఊరుకున్నాను."

"అయ్యో పిచ్చితల్లీ." ఆయన తడి చేతులు పంచెకి తుడుచుకున్నాడు. "అన్నం తింటూ నువ్వే అన్నావుగా, పలక పగిలితే పని ఆగుతుందని. ఇంత కొండకి ఇంత గాజు ముక్కే అడ్డమైతే, ఆ మాత్రం పగలగొట్టలేనా అనుకున్నాను. నువ్వు ఆఫీసుకెళ్ళాక తాళంచెవి తీసుకుపోయాను. గోడ కట్టడం తెలుసు గానీ ఆఫీసువాళ్ళ బుర్ర ఎటు తిరుగుతుందో నాకేం తెలుసు? గోడ కదిలితే దాన్ని కాపాడతారనుకున్నాను. కూల్చేస్తారనుకోలేదు."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ మనిషి ఏడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. భయంతో ఏడుస్తున్నాడని తెలిసి ఆమెకి ఇంకా భయమేసింది.

"నా కొడుకు మీదికి పోతుందని తోచలేదమ్మా. రెండు రోజులూ వాడి మొహం చూడలేక చచ్చాను."

"నేనూ అంతే."

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా అలా కూర్చుండిపోయారు. గోడ మీద కాకి ఒకటి వాలి, వాళ్ళని చూసి, ఎగిరిపోయింది.

"పద," అన్నాడాయన చివరికి. "ఆ పెద్దమనిషి దగ్గరికి పోదాం. నేనే పగలగొట్టానని చెప్పేస్తాను. బురుజు కదల్లేదని తేలుతుంది, పడగొట్టడం మానేస్తారు. లైను పక్కనుంచి పోతే పోయింది. నన్ను జైల్లో పెడితే పెట్టనీ. అక్కడ మీ అత్తయ్య సణుగుడు వినబడదు."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండు రోజుల బరువు దిగినట్టయింది. చెప్పేద్దాం. ఇద్దరమూ చెప్పేద్దాం. అంతకంటే తేలిక ఏముంది?

"ఆయన ఒక్కొక్కటీ అడుగుతారు మామయ్యా. తడబడకూడదు. మొదటి మలుపు దగ్గరది, కిటికీ కిందది, రెండో మలుపు దగ్గరది, మంటగది గుమ్మం మీదది. నాలుగూ మీరే అని చెప్పాలి."

"నాలుగెందుకమ్మా? మూడేగా."

"నాలుగు."

"మూడు. మంటగదిదాకా నేనెక్కడ ఎక్కాను? రెండో మలుపు దగ్గరే మోకాళ్ళు దండం పెట్టేశాయి. మూడు చాల్లే అనుకుని దిగొచ్చాను. మిగతాది బాగానే ఉండాలి. చూడలేదా నువ్వు?"

కోడలు ఆ సాయంత్రాన్ని మళ్ళీ మెట్టు మెట్టుగా తలుచుకుంది.

మొన్న సాయంత్రం రెండో మలుపు దగ్గర ఆమె కాళ్ళు కూడా ఆగిపోయాయి. మూడు పలకలూ పొడిచి ఉండటం చూసి, ఒక్కో పోటుతో పగలగొట్టిన మేస్త్రీ చెయ్యి ఎవరిదో అర్థమై, ఇక పైకి ఎక్కలేకపోయింది. అక్కడే నిలబడి టార్చి పైకి వేసింది. మంటగది గుమ్మం మీద పలక మెరిసింది. దాని మధ్యలో నల్లటి సన్నని గీత. ఒకే ఒక్క గీత. అదీ పగిలిందనుకుంది, అదీ ఆయనే అనుకుంది, దిగివచ్చేసింది.

సాలెగూడు కాదు. గీత.

"మామయ్యా," అంది.  "అది సన్నగా చీలింది."

ఆయనకి విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. మెల్లగా కొండ వైపు తల తిప్పాడు. బురుజు ఎప్పట్లాగే నిలబడి ఉంది. మబ్బు ఒకటి వెనక నుంచి పోతుంటే అదే కదులుతున్నట్టు కనిపించింది.

"నేను చేసిన దొంగపని కింద నిజం దాక్కుందన్నమాట," అన్నాడాయన.

"చిన్న మందుకే కదిలింది. ఇవాళ పెట్టేది పెద్ద మందు."

*

ఇంజనీరు రెండోసారికి ఫోనెత్తాడు. ఆమె ముందే అనుకున్నట్టు మొదట్నుంచీ వరసగా చెప్పింది. మూడు పలకలు తమ ఇంట్లోవాళ్ళే చేత్తో పగలగొట్టారని, తనకి తెలిసీ దాచిందని, నాలుగోది మాత్రం ఎవరూ ముట్టుకోలేదని, బురుజు నిజంగానే కదులుతోందని, దయచేసి ఇవాళ మందు పెట్టించొద్దని.

ఇంజనీరు అంతా విన్నాడు.

"నాలుగోదాన్ని దగ్గరికెళ్ళి చూశారా?"

"లేదు సార్. కింద నుంచి చూశాను."

"పొద్దున దగ్గరికెళ్ళి చూశానన్నారు."

"అబద్ధం చెప్పాను సార్."

"మరి ఇప్పుడు చెబుతున్నదేమిటి?"

 మామగారు పక్కనే నిలబడి ఫోను వైపు చెయ్యి చాపాడు, తను మాట్లాడతానన్నట్టు. ఇంజనీరు గొంతు అంతే మర్యాదగా వినిపించింది.

"గోడ కదిలింది, పని ఆపమన్నారు. కదిలితే పడగొడతామంటే, కదల్లేదు, మేమే పగలగొట్టామంటున్నారు. ఆ వెంటనే మళ్ళీ కదులుతోంది, పని ఆపమంటున్నారు. ఎటు తిరిగినా పని ఆపడమే మీ మాటలో ఉన్న నిజం. రేపు ఆఫీసుకి రండమ్మా. పగలగొట్టిన వాళ్ళని కూడా వెంటబెట్టుకు రండి."

ఫోను పెట్టేశాడు.

"నమ్మలేదా?" అన్నాడు మామగారు.

"మనల్ని మనమే నమ్మడానికి లేకుండా చేసుకున్నాం." ఆమె చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. "నేను పైకెళ్తాను. తాడు దగ్గరున్న వాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను. ఆ నాలుగో పలక ఊడదీసి తెచ్చి చూపిస్తాను. తాళంచెవి..."

వంటింటి మేకు ఖాళీగా ఉంది.

"తాళంచెవి ఏది?" అంది. మామగారు తల అడ్డంగా ఊపాడు. ఆయన మొన్ననే తిరిగి తగిలించాడు.

అత్తగారు గచ్చు మీద కూర్చుని కూర తరుగుతోంది. తలెత్తకుండానే అంది. "వాడు తీసుకెళ్ళాడుగా."

"ఎవరు?"

"ఎవరేమిటి, నీ మొగుడు. మా ఆవిడకి చీకట్లో కనబడలేదటమ్మా, నేను వెలుగులో చూసొస్తాను అన్నాడు. ఎవడో పనిగట్టుకుని పొడిచాడని వాడికి అనుమానం. నాలుగూ ఫోటో తీసి ఆ ఇంజనీరు మొహాన పెడతాడట. బురుజు గట్టిగానే ఉందని తేలుస్తాడట. అలకలో ఉన్నావు కదా, నీతో చెప్పొద్దన్నాడు. చూశాక నీ మొహం వెలిగిపోవాలట." ఇద్దరి మొహాలూ చూసి ఆమె కత్తిపీట పక్కకి జరిపింది. "ఏమైంది? నేనేమన్నాను?"

"తాడు కట్టారుగా," అంది కోడలు. "తాడు దాటి ఎలా వెళ్ళారు?"

"వాడికి ఆ కొండ కొత్తా? చిన్నప్పట్నుంచీ వెనక దారేగా." అంతవరకూ మాట్లాడి అత్తగారు ఆగిపోయింది. నెమ్మదిగా లేచి నిలబడింది. "మధ్యాహ్నం మందు పెడతానన్నాడు కదూ ఆయన?"

కోడలు అప్పటికే మొగుడికి ఫోను చేస్తోంది. అందుబాటులో లేరంది ఫోను. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే మాట. బురుజు గోడలు మనిషి నిలువంత మందం, లోపలికి సిగ్నలు దూరదు. ఆ సంగతి ఆమె కంటే ఎవరికి బాగా తెలుసు? ఇంజనీరుకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేసింది. ఈసారి మోగనే లేదు.

కొండ మీద మొదటి కూత వేశారు.

కూతలు మూడు, మూడోది ఆగగానే మందు పేలుతుంది. ఇన్ని రోజులుగా ఈ ఇంట్లో గడియారమే అక్కర్లేకుండా పోయింది. మొదటి కూతకి అత్తగారు ఆరేసిన బట్టలు తీసేది. రెండో కూతకి పాలగిన్నె మీద మూత పెట్టేది, దుమ్ము పడకుండా. మూడో కూతకి కళ్ళు మూసుకునేది.

ఇవాళ ఆమె బట్టల జోలికి పోలేదు. కూర తరిగిన చేతులతోనే వీధిలోకి పరిగెత్తింది. అప్పటికే కోడలు సందు దాటి కొండ దారి పట్టింది. ఆమె వెనక మామగారు. రెండో మలుపు ఎక్కలేని మోకాళ్ళు ఆయన్ని ఎలా మోస్తున్నాయో తెలియదు గానీ, మోస్తున్నాయి.

"ఒరేయ్!" అని అరుస్తున్నాడాయన. "దిగరా! దిగిపోరా!"

కొండ కింద తాడు కనబడుతోంది. తాడుకి ఇవతల ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి. ఆమె చేతులు ఊపుతూ పరిగెత్తింది. ఆగమని ఆ మనిషి జెండా ఊపాడు. ఆమె ఆగలేదు.

"లోపల మనిషున్నాడు!" అని అరిచింది. "బురుజులో మా ఆయనున్నారు! ఆపండి!"

జెండా మనిషి వెనక్కి తిరిగి పైన ఉన్న వాళ్ళకేసి ఏదో కేకేశాడు. పైన కంప్రెసరు మోత. ఎవరూ వెనక్కి చూడలేదు.

అప్పుడు కనిపించాడు. బురుజు రెండో మలుపు దగ్గరి కిటికీలో, తెల్లచొక్కా. దారి మీద పెళ్ళాన్నీ, ఆమె వెనక తండ్రినీ చూసినట్టున్నాడు. చెయ్యి బయటికి చాపాడు. ఆ చేతిలో ఏదో ఎండకి తళుక్కుమంది. గాజు ముక్క. ఆమెకి కనబడాలని దాన్ని పైకెత్తి ఊపుతున్నాడు. చూశావా, పొడిచారు, బురుజు తప్పేం లేదు అని చెబుతున్నాడు. ఇంత దూరం నుంచి కూడా అతను నవ్వుతున్నాడని ఆమెకి తెలుస్తూనే ఉంది.

"దిగిరండి!" రెండు చేతులూ కిందికి కిందికి విసిరింది. "దిగిరండి!"

అతను ఆ చేతులు చూశాడు. ఇంకొక్కటే ఉందన్నట్టు వేలు ఒకటి పైకి చూపించాడు. కిటికీలోంచి తప్పుకున్నాడు.

రెండో కూత వేశారు.

సందు చివర అత్తగారు నిలబడిపోయింది. ఇంట్లో పాలగిన్నె మూత లేకుండా ఉంది. మొదటిసారి ఆమెకి ఆ సంగతి గుర్తు రాలేదు.

మంటగది కిటికీలో తెల్లచొక్కా కనిపించింది. ఈసారి అతను చెయ్యి ఊపలేదు. గుమ్మం వైపు తిరిగి, తల పైకెత్తి, నాలుగో పలకకేసి చూస్తూ కదలకుండా నిలబడ్డాడు. ఆ గీత అతనికీ అర్థమైంది.

అతను మెట్ల వైపు తిరిగాడు. మూడో కూత మొదలైంది.